అరికాలి ఫొటో

రిటైరైన రోజున హిందూపురంలో నాకు చిన్న సన్మానం చేశారు. శాలువా కప్పారు, గంధం దండ వేశారు. నా కొడుకు వయసున్న మా మేనేజరు మైకు అందుకుని, "ఈ చుట్టుపక్కల ఊళ్లలో సుగరు పుండ్లకు బయలాజికల్ మందు అంటే ఏమిటో డాక్టర్లకు పరిచయం చేసింది ఈయనే" అన్నాడు. నేను తల వంచుకున్నాను. అందరూ దాన్ని వినయం అనుకుని చప్పట్లు ఇంకా గట్టిగా కొట్టారు. సిగ్గుతో వంచిన తలకూ వినయంతో వంచిన తలకూ చూసేవాళ్లకు తేడా ఏం తెలుస్తుంది?

బ్యాగు పట్టుకుని కొత్తగా ఈ లైనులోకి వస్తున్న పిల్లలారా, ఇది మీకోసమే రాస్తున్నాను. కలిసినప్పుడల్లా "సార్, మీ సర్వీసులో బెస్టు కేసు ఏది?" అని అడుగుతుంటారు కదా. కంపెనీ దృష్టిలో నా బెస్టు కేసు ఒకటుంది. అదే చెప్తాను. పేర్లు మాత్రం అడక్కండి. ఎవరి పేరూ రాయను, చివరికి నా పేరు కూడా.

నేను మెడికల్ రెప్పుగా చేరింది తొంభైల మొదట్లో. మకాం హిందూపురం. మడకశిర, పెనుకొండ, రొద్దం, ధర్మవరం, అవసరమైతే నల్లమాడ దాకా నా ఏరియా. దగ్గు మందు, క్యాల్షియం బిళ్లలు, పిల్లల టానిక్కు అమ్మేవాణ్ణి. మెడకు టై, కాళ్లకు పాలిష్ బూట్లు, పైన ఎర్ర బస్సు దుమ్ము. పెనుకొండ బస్టాండులో టీ అంగడి దగ్గర రోజూ వేరే కంపెనీ రెప్పు ఒకడు కలిసేవాడు. మా ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు, కానీ నన్ను "బావా" అనే పిలిచేవాడు. మందుల్లో మేం పోటీ, టీలో భాగస్వాములం. డాక్టరు ఎవరినైనా బయటికి గెంటేస్తే రెండోవాడు ఓదార్చాలని మా మధ్య ఒప్పందం ఉండేది. ఎక్కువసార్లు ఓదార్పు నాకే అవసరమయ్యేది.

ఆ రోజుల్లో సుగరు పుండు పేరెత్తితేనే డాక్టర్లకు విసుగు. దూది, గాజుగుడ్డ, లోషను, యాంటీబయాటిక్కు. నెలల తరబడి కట్టు మార్చడం, మానకపోతే వేలు తీసెయ్యడం, అదీ కాకపోతే పాదం. రెండు వేల సంవత్సరం దాటాక మా కంపెనీ కొత్త మందు తెచ్చింది. చర్మం పెరగడానికి మన ఒంట్లోనే ఉండే ఒక ప్రోటీనును సూక్ష్మజీవుల చేత ఫ్యాక్టరీలో తయారు చేయించి, జెల్లుగా ట్యూబులో నింపారు. పిట్ట కొంచెం కూత ఘనం. చిటికెన వేలంత ట్యూబు ధరకు ఒక ఇంటికి నెల వెచ్చాలు వచ్చేవి. పైగా దాన్ని ఎప్పుడూ చల్లగా ఉంచాలి. ఐసు ప్యాకులు పెట్టిన థర్మోకోలు డబ్బాను ఒళ్లో పెట్టుకుని నేను బస్సెక్కితే కండక్టరు ఊరుకునేవాడు కాదు.

"ఏమబ్బా, ఐస్‌క్రీమా? ఎండకు కరిగిపోతాది, మాకూ ఇంత పెట్టు."

పెనుకొండలో ఒక మందుల షాపులో తప్ప ఫ్రిజ్ లేదు. అందులో మా ట్యూబులకు తోడు షాపాయన పెరుగు గిన్నె, వాళ్లావిడ మల్లెపూల మూర ఉండేవి. ఒక పేషెంటు ట్యూబు పట్టుకుని వాసన చూసి, "మందు మంచి వాసనుండాదే!" అన్నాడట. ఆ మాట విని నేనూ మా బావా టీ అంగడి దగ్గర కడుపుబ్బ నవ్వుకున్నాం.

బెంగళూరులో మాకు ట్రైనింగు ఇచ్చిన రోజు పై మేనేజరు తెర మీద ఒక గీత గీశాడు. అది పైకి పోతూనే ఉంది. "సుగరు పెరుగుతుంది, పుండ్లు పెరుగుతాయి, మన మార్కెట్టు పెరుగుతుంది" అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. మా నాయనకు సుగరు ఉండేది. ఊళ్లోవాళ్ల పుండ్లు పెరుగుతాయంటే చప్పట్లు కొట్టానన్న సంగతి ఆయనకు చెప్పలేదు.

డాక్టర్లకు చూపించడానికి మాకొక బొమ్మల ఫోల్డరు ఇచ్చారు. పుండు శుభ్రం చేయాలి, చీము ఉండకూడదు, సుగరు అదుపులో ఉండాలి, ఆ తర్వాతే జెల్లు పూయాలి అని ఒక్కో పేజీకి ఒక్కో బొమ్మ. ఆఖరి పేజీలో అడుగున చిన్న అక్షరాలతో ఒక వాక్యం ఉండేది: పుండు ఉన్నచోట బరువు పడకుండా చూడాలి. డాక్టరు నాకిచ్చేది ఇద్దరు పేషెంట్ల మధ్య ఒక్క నిమిషం. ఆ నిమిషం ప్రోటీను గొప్పతనం చెప్పడానికే సరిపోయేది కాదు. ఆఖరి పేజీ దాకా నేనెప్పుడూ పోలేదు. పోవాలని కూడా అనిపించలేదు, అందులో అమ్మడానికి ఏమీ లేదు కదా.

ధర్మవరంలో రైల్వే స్టేషనుకు దగ్గరగా ఒక సర్జనుగారి నర్సింగ్ హోము ఉండేది. ఆయన ఆ ఊరివాడే. నోరు కటువు, చెయ్యి మంచిది. కొత్త మందంటే మోజున్న మనిషి. ఒకరోజు నేను లోపల ఉండగానే ఒక పేషెంటు వచ్చాడు. యాభై దాటిన పట్టు నేతగాడు. వెంట భార్య ఉంది. కుడి అరికాల్లో, బొటనవేలి మొదట్లో, రూపాయి బిళ్లంత పుండు.

"నొప్పుందాప్పా?" అన్నాడు డాక్టరు.

"అస్సల్లేదు సార్. అదేందో అర్థం కాకుండాది. మా ఆడమనిషి చూసి చెప్పేదాకా నాకు తెలీనే తెలీదు."

"నొప్పి తెలీకపోవడమే నీ రోగం. ఇంట్లోంచి కదలొద్దు. కాలికి పని చెప్పొద్దు. బయటికి పోవాలంటే ఈ మెత్తటి చెప్పులేసుకో." ఆయన రబ్బరు చెప్పులు రాసిచ్చి నా వైపు తిరిగాడు. "నీ అమృతం ఉందా డబ్బాలో?"

ఉంది. శాంపిల్‌గా ఇచ్చాను. బయటికి వచ్చాక నేతగాడి భార్య నన్ను వరండాలో ఆపింది.

"అన్నా, ఇది మానుతాదా? మాది కాళ్లూ చేతులూ ఆడితేనే పొయ్యి మీదికి ఎసరెక్కే ఇల్లు."

"మానుతుందమ్మా. నాది గ్యారంటీ" అన్నాను.

చూశారా, డాక్టరు కూడా అనని మాట నేనన్నాను. ఆమె నాకు దండం పెట్టింది. ఆ దండం తీసుకుని బస్సెక్కాను.

పుండు మానింది! అబద్ధం కాదు. నేను ధర్మవరం పోయిన ప్రతిసారీ అది చిన్నదవుతూ వచ్చింది. శ్రావణం దగ్గరపడేసరికి గులాబీ రంగు చర్మం మూసుకుంది. డాక్టరు పొంగిపోయాడు. మొదటి రోజు పుండును తీసిన కెమెరానే మళ్లీ తెచ్చి ఫొటో తీశాను. మొదటి రోజు పుండు, ఆఖరి రోజు నున్నటి అరికాలు పక్కపక్కన పెట్టి అప్పటి మా మేనేజరుకు పంపాను. ఆయన ఫోన్లో అరిచిన అరుపుకు పక్కన టీ తాగుతున్న మా బావ ఉలిక్కిపడ్డాడు.

"ఏం బావా, లాటరీ తగిలినాదా?"

"తగిలినట్టే."

హిందూపురంలో ఒక హోటలు హాలు మాట్లాడి డాక్టర్ల మీటింగు పెట్టారు. ధర్మవరం సర్జనుగారు కేసు వివరించాలి, చివర్లో పేషెంటు స్టేజీ ఎక్కాలి. పేషెంటును తెచ్చే బాధ్యత నాది. ఆ ఉదయం కారు మాట్లాడుకుని ధర్మవరం పోయాను. అన్నాళ్లలో నేను ఆయన ఇంటికి పోవడం అదే మొదటిసారి. క్లినిక్కులో చూసిన కాలే తప్ప, ఆ కాలు ఇంటికి పోయి ఏం చేస్తుందో నాకు తెలియదు.

ఆ వీధి మొత్తం మగ్గాల చప్పుడే. వాళ్ల ఇంటి గడప దగ్గర డాక్టరు రాసిచ్చిన రబ్బరు చెప్పులు తుడిచిపెట్టి ఉన్నాయి. లోపల ఆయన మగ్గం గుంతలో కూర్చుని నేస్తున్నాడు. ఎర్రంచు పెళ్లి చీర. మగ్గం పైన అంచు డిజైను వేసే జకార్డు పెట్టెను ఎత్తాలంటే కింద చెక్కను కాలితో బలంగా తొక్కాలి. ఆయన తొక్కుతున్నాడు. కుడి కాలితో, బొటనవేలి మొదట్లో బలం పెట్టి, చెప్పు లేకుండా. పోగు పోగుకూ ఒక తొక్కుడు.



"ఏమప్పా, మగ్గమెక్కినావే! కాలికి పని చెప్పొద్దన్నాడు కదా డాక్టరు?"

ఆయన ఆశ్చర్యంగా చూశాడు. "నేనేం చెప్తాండా సార్ కాలికి? గడప దాటలేదు. అంగడికి కూడా మా ఆడమనిషే పోతాండాది. పొద్దన్నుంచి ఈడ్నే కూసోనుండా."

"మరి ఆ చెక్క తొక్కేది?"

"అది పనా సార్? అది నేతలోనే ఉండాది కదా. చేతులతో కదా నేసేది." మళ్లీ తనే, "చెప్పులేసుకోని గుంతలోకి ఎవరు దిగుతారు సార్? మగ్గం లచ్చిమి" అన్నాడు.

"పుండున్నన్నాళ్లూ ఇట్లానే తొక్కినావా?"

"అప్పుడు మగ్గమే లేదు కదా! పట్టు ధర ఎగిరిపోయి షావుకారు నేసేదానికి పడుగు ఇయ్యలేదు. ఖాళీగా గోడకానుకోని కూసున్నా. శ్రావణం పెళ్లిళ్లొచ్చినాయి కాబట్టి మళ్లా ఇచ్చినాడు."

అప్పటికి నాకు అర్థమైంది. మా జెల్లు కొంత పని చేసి ఉండొచ్చు. కానీ ఆ కాలికి విశ్రాంతి ఇచ్చింది డాక్టరు కాదు, నేను కాదు. పట్టు ధర. మేం ఫొటోలు తీసుకుని సంబరపడింది ఖాళీ మగ్గం చలవను చూసి.

కాలు చూపించమన్నాను. గుంత గట్టు మీదికి ఎత్తి పెట్టాడు. మానినచోట చర్మం గట్టిపడి కాయ కాసింది. దాని మధ్యలో నల్లటి చుక్క. బొటనవేలితో నొక్కాను. తడి ఊరింది. నేను నొక్కినంతసేపూ ఆయన కాలు కాకుండా నా ముఖం చూస్తున్నాడు. ఆయనకు కాలు తెలియదు కదా, కాబట్టి నా ముఖంలోనే చూసుకున్నాడు.

"ఏం సార్, మళ్లా వచ్చినాదా?" అన్నాడు మెల్లగా.

సరిగ్గా అప్పుడే మేనేజరు ఫోను. "బయల్దేరారా? డాక్టర్లు వచ్చేస్తున్నారు."

పిల్లలారా, ఆ క్షణం నేను ఫోన్లో చెప్పాల్సింది ఒకే ఒక్క మాట. పుండు తిరగబెట్టింది, తీసుకురాను. అంతే. ఉద్యోగం పోయేది కూడా కాదు. మహా అంటే మేనేజరు తిట్టేవాడు, తిట్లు నాకు కొత్తా? కానీ నేను "బయల్దేరాం సార్" అన్నాను. నేతగాడితో "ఏం లేదప్పా, కొంచెం కాయ కాసింది, సాక్సు వేసుకో" అన్నాను. నా బ్యాగులో ఉన్న కొత్త సాక్సు నేనే తీసిచ్చాను. ఆ సాక్సు రంగు కూడా గుర్తుంది నాకు, ముదురు నీలం.

దారిలో ఆయన పండగకు పోతున్నట్టు ఉన్నాడు. ఉతికిన తెల్ల పంచె, చేతిలో పళ్లు. పెనుకొండ దగ్గర కారాపి టిఫిను పెట్టించాను. మా బావ అక్కడే ఉన్నాడు. నేతగాణ్ణి చూసి, "ఓహో, నీ లాటరీ ఈయనేనా!" అన్నాడు. నేతగాడు కూడా నవ్వాడు. నేను బిల్లు కట్టడానికి లేచిపోయాను.

హాలు నిండిపోయింది. సర్జనుగారు ఎంత బాగా మాట్లాడాడో! తెర మీద ఆ నున్నటి అరికాలు తలుపంత పెద్దదిగా కనిపించింది. నేతగాణ్ణి స్టేజీ మీదికి పిలిచారు. ఆయన సాక్సుతోనే ఎక్కి అందరికీ దండం పెట్టాడు. చప్పట్లు ఆగాక వెనక వరసలోంచి పెనుకొండ నుంచి వచ్చిన ఒక పెద్ద డాక్టరు లేచాడు.

"బొమ్మ సరేనయ్యా. మనిషి ఎదురుగా ఉన్నాడు కదా, సాక్సు తీసి కాలు చూపించమను."

మేనేజరు నవ్వుతూ, "తెర మీద ఇంకా దగ్గరగా చూడొచ్చు సార్" అన్నాడు. సర్జనుగారు మాత్రం "చూపించప్పా, దానికేం" అన్నాడు. పాపం, ఆయనకు ఏమీ తెలియదు. నేతగాడు నా వైపు చూశాడు. నేను స్టేజీ పక్కన మెట్ల దగ్గర నిలబడి ఉన్నాను. కళ్లు దించుకున్నాను.

అంతే, ఆయనకు అది చాలింది.

"బాగుండాది సార్" అన్నాడు ఆయన గట్టిగా. "పెద్దోళ్ల ముందర కాలు ఎత్తి చూపేది మా ఇండ్లల్లో లేదు సార్. మానిపోయినాది. ఈ సార్లు దేవుళ్లు."

హాలంతా మెచ్చుకుంది. పెద్ద డాక్టరు కూడా కూర్చున్నాడు. నా పరువు కాపాడటానికి ఒక మనిషి తన కాలును దాచుకున్నాడు, నేను మెట్ల మీద నిలబడి చూశాను. నా సర్వీసులో నేను పడ్డ సిగ్గంతా ఒక ఎత్తు, ఆ నిమిషం ఒక ఎత్తు.

భోజనాల దగ్గర సర్జనుగారికి చెప్దామని ప్లేటు పట్టుకుని ఆయన వెనకే తిరిగాను. చుట్టూ అభినందించేవాళ్లు. నన్ను చూసి భుజం మీద తట్టి, "ఓపీ ఉందప్పా" అని ఆయన వెళ్లిపోయాడు. హోటలు పనులు చూసుకోవాల్సి ఉండి నేతగాణ్ణి కారులో ఒంటరిగా పంపించాను. కారు తలుపు వేస్తూ, "రేపు తప్పకుండా డాక్టరుకు చూపించుకో" అన్నాను.

"అట్లే సార్. పెండ్లి చీర ఒకటి కొసకొచ్చినాది, దించేసి పోతా."

"లేదప్పా, రేపే పో" అని ఉండాలి. "సరే" అన్నాను.

నేను మళ్లీ ధర్మవరం వెళ్లేసరికి నర్సింగ్ హోములో సర్జనుగారు నన్ను కూర్చోమనలేదు. నేతగాడు ముందురోజే వచ్చాడట. కాలు మోకాలి దాకా వాచి, పాదం నల్లబడి, జ్వరంతో. చీర దించిన తర్వాతే వచ్చాడట. బెంగళూరుకు పంపించారు.

నేను చూసిందంతా చెప్పాను. మగ్గం, చెక్క, నల్ల చుక్క, సాక్సు. ఆయన నన్ను తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"ఈ ఊర్లో పుట్టినోణ్ణి నేను. మా నాయన మగ్గం నేసినాడు" అన్నాడు. "పుండు చూసినానే గానీ, ఆ కాలు తొక్కేది ఏందని నేనూ అడగలేదు. నువ్వు పోప్పా ఇంక."

పాదంలో ముందు సగం తీసేశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు కదా, నేను ఆకులు కూడా పట్టుకోలేదు. కొన్ని నెలలు ఆ వీధి వైపే పోలేదు. చివరికి మా బావే ఒకరోజు విసుక్కున్నాడు.

"ఎన్నాళ్లు తప్పించుకుంటావు బావా? పా, నేనూ వస్తా."

తీరా వచ్చాక మా బావ గుమ్మం బయటే ఆగిపోయాడు. నేను లోపలికి పోయాను. మగ్గం చప్పుడు వస్తూనే ఉంది. గుంతలో ఆయన భార్య కూర్చుని నేస్తోంది. నన్ను చూసింది. తల తిప్పుకుని నేత సాగించింది. మానుతుందా అని అడిగిన మనిషి, నేను దండం పెట్టించుకున్న మనిషి, నా కోసం ఒక్క పోగు కూడా ఆపలేదు.

నేతగాడు గోడకానుకుని కండెలకు పోగు చుడుతున్నాడు. లేవబోయి కుడి పక్కకు తూలి మళ్లీ కూర్చున్నాడు. "రా సార్, కూసో. ఎండలో వచ్చినావు" అన్నాడు. మంచినీళ్లు ఇప్పించాడు. నేను తప్పయిపోయిందని ఏదో గొణిగాను. వినిపించనట్టు నా బ్యాగు వైపు చూశాడు.

"సార్, ఆ పొద్దు తెర మీద చూపిచ్చినారే నా కాలు బొమ్మ, అది ఉండాదా?"

ఉంది. ఆ మీటింగు తర్వాత కంపెనీ ఆ ఫొటోను ఫోల్డరు మొదటి పేజీకి ఎక్కించింది. రంగుల్లో అచ్చేసి అన్ని ఏరియాలకూ పంపింది. వద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు. బ్యాగులోంచి ఒక కాగితం తీసి ఇచ్చాను. ఆయన రెండు చేతులతో పట్టుకుని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు.

"ఎవరికైనా సొంత అరికాలు యాడ కనపడతాది సార్? నేనెప్పుడూ సరిగ్గా చూసుకోలేదు. మంచిగున్నింది" అన్నాడు.

ఆ కాగితం ఆయనే ఉంచుకున్నాడు.

మరునాడు నా టూరు మడకశిర. అక్కడొక కొత్త డాక్టరు, కుర్రవాడు, కన్నడమూ తెలుగూ కలిపి మాట్లాడేవాడు. ఎదురుగా కూర్చుని ఫోల్డరు తెరిచాను. మొదటి పేజీలో అదే కాలు.

"అబ్బ, చెన్నాగి మానింది! ఈ పేషెంటు ఇప్పుడెట్లున్నాడు?" అన్నాడు.

"బాగున్నాడు సార్" అన్నాను.

ఆయన సంతోషంగా చీటీ అందుకుని బయట బెంచీ మీద కాలికి కట్టుతో కూర్చున్న పేషెంటుకు మా మందు రాశాడు. నేను థ్యాంక్స్ చెప్పి, బ్యాగు మూసుకుని, ఆ మనిషి పక్క నుంచే బయటికి నడిచాను. ఆయన ఏం పని చేసి బతుకుతాడో అడగలేదు.